మనసులో మాట మనమే చెప్పేస్తాం!

'సోది చెబుతానమ్మా సోదీ...'

విశాఖపట్నం వన్ టౌన్ పాత వీధుల్లో పెరిగిన పెద్దవాళ్లకు ఈ కేక గుర్తుండే ఉంటుంది. చంకన బుట్ట, చేతిలో చిన్న కర్ర, నుదుట రూపాయి కాసంత బొట్టు. ఎరుకలసాని అరుగు మీద చతికిలబడి, ఇల్లాలి అరచేతిని కర్రతో తాకి మొదలుపెట్టేది. 'నీళ్లు దాటి వెళ్లిన మనిషి కోసం చూస్తన్నావు తల్లీ...' అంతే! ఇల్లాలి కళ్లు చెమర్చేవి. ఊరూ పేరూ తెలియని మనిషికి ఇంటి గుట్టు ఎలా తెలిసింది?

కాస్త ఆలోచిస్తే తెలుస్తుంది. విశాఖ రేవు పట్నం. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో ఉత్తరాంధ్ర నుంచి వేలాది మంది కూలి పనులకు ఓడెక్కి 'రంగం' వెళ్లారు. రంగూన్‌ను అప్పట్లో మనవాళ్లు అలాగే పిలిచేవారు. వెళ్లనివాళ్లలో చాలామందికి చేపల వేటో, రేవులో పనో ఆధారం. ఇక వన్ టౌన్‌లో నీళ్లతో సంబంధం లేని గడప ఎంతని ఉంటుంది? పైగా సోది చెప్పే ఆమె అన్న మాట మరోసారి చూడండి. 'మనిషి' అంది. మొగుడో, కొడుకో, తమ్ముడో చెప్పలేదు. 'వెళ్లిన' అంది. ఎప్పుడు, ఎక్కడికో చెప్పలేదు. ఆ ఖాళీలన్నీ నింపింది ఇల్లాలే. కళ్లు చెమర్చగానే దారి దొరికింది. మిగతా కథంతా ఆ కళ్లే చెప్పాయి.

సరిగ్గా ఇదే పని కోటూ బూటూ వేసుకుని, వేదిక మీద, దీపాల వెలుగులో చేస్తే దాని పేరు మెంటలిజం. మీరు తలచుకున్న పేక ముక్క, మీ చిన్ననాటి స్నేహితురాలి పేరు, జేబులో ఉన్న నోటు మీది అంకెలు... అన్నీ మెంటలిస్టు చెప్పేస్తాడు. మనకిది కొత్తేమీ కాదు. కళ్లకు గంతలు కట్టుకుని బోర్డు మీద రాసింది చదివే 'ఎక్స్‌రే కళ్లు' అంశంతో పి.సి.సర్కార్ (1913-71) దేశదేశాల్లో పేరు తెచ్చుకున్నారు. మన బి.వి.పట్టాభిరామ్ కళ్లకు గంతలతో హైదరాబాద్ వీధుల్లో స్కూటర్ నడిపి జనాన్ని ముక్కున వేలేసుకునేలా చేశారు.

మరి వీళ్లంతా నిజంగా మనసు చదువుతారా? చదవరు. మన మనసు మనమే చదివి వినిపిస్తుంటే శ్రద్ధగా వింటారు. ఆ వినడంలోనే ఉంది విద్యంతా.

అందరికీ నప్పే చొక్కా

1948లో అమెరికాలో బెర్ట్రామ్ ఫోరర్ అనే మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు తన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టాడు. వారం తర్వాత 'ఇదీ నీ వ్యక్తిత్వం' అంటూ తలా ఒక కాగితం ఇచ్చి, అందులో రాసింది తమకు ఎంతవరకూ సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 మార్కులు పడ్డాయి. 'నా గురించే రాశారు' అని అందరూ ఆశ్చర్యపోయారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం! అందులోని వాక్యాలు బజార్లో అమ్మే జ్యోతిషం పుస్తకంలోంచి ఎత్తి రాసినవి.

అలాంటి వాక్యాలు మనమూ తయారు చేసుకోవచ్చు. 'నలుగురికీ చేస్తావు, నీకు చేసేవాళ్లు లేరు.' 'చేతిలో డబ్బు నిలవదు.' 'పైకి నవ్వుతావు గానీ లోపల ఒక బాధ ఉంది.' ఈ మూడూ కాదనే మనిషి దొరకడం కష్టం. ఇవి అందరికీ నప్పే చొక్కాలు. తొడుక్కున్న ప్రతివాడూ తన కొలతకే కుట్టారనుకుంటాడు.

మెంటలిస్టు అక్కడితో ఆగడు. చొక్కా తొడిగాక మడతలు సరిచేస్తాడు. వయసు, చేతి గాజులు, చెప్పుల అరుగుదల, పక్కన కూర్చున్న మనిషి... అన్నీ చూస్తాడు. నలభై దాటిన మనిషిని చూస్తే ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం గురించిన దిగులు ఉంటుందని ఊహిస్తాడు. కొత్తగా పెళ్లైన జంటకు మరో దిగులు. ఒక మాట వదిలి మొహం చూస్తాడు. కనుబొమ ముడిపడితే మాట మారుస్తాడు, తల కదిలితే అదే దారిలో వెళ్తాడు. దీన్నే ఆ వృత్తిలోవాళ్లు 'కోల్డ్ రీడింగ్' అంటారు. సోది చెప్పే ఆమెకు ఆ పేరు తెలియకపోవచ్చు, పని మాత్రం తరతరాలుగా తెలుసు.

ఒక అడుగు ముందు

కేవలం ఊహతో వేదిక మీద గంట సేపు నడవదు. వెనక పక్కా పనితనం ఉండాలి. 'ఒక అడుగు ముందు' అనే పాత కిటుకు చూడండి. టోనీ కొరిండా రాసిన 'థర్టీన్ స్టెప్స్ టు మెంటలిజం' లాంటి పాఠ్యగ్రంథాల్లో ఎప్పుడో అచ్చయిపోయింది కాబట్టి చెప్పుకున్నా ఎవరి పొట్టా కొట్టినట్టు కాదు.

ఇరవై మంది ప్రేక్షకులు తలా ఒక ప్రశ్న రాసి, కవర్లో పెట్టి, అంటించి ఇస్తారు. మెంటలిస్టు ఒక కవరు నుదుటికి ఆనించుకుని కళ్లు మూసుకుంటాడు. 'ఎవరో అమ్మాయి పెళ్లి గురించి అడుగుతున్నారు...' అంటాడు. వెనక వరసలోంచి ఒకాయన 'నేనేనండీ' అని లేస్తాడు. మెంటలిస్టు కవరు చించి, కాగితం చూసుకుని, సరిపోయిందన్నట్టు తలూపి పక్కన పెడతాడు. ఆపైన రెండో కవరు, మూడో కవరు... అన్నీ పొల్లుపోకుండా చెబుతాడు.

లేచినాయన ముందే కుదుర్చుకున్న మనిషి. ఆయన కవరు ఆ దొంతరలోనే లేదు. సరిచూసుకోవడానికన్నట్టు చించిన కవర్లో ఉన్నది మరెవరిదో ప్రశ్న. దాన్ని చదివేసుకుని, రెండో కవరు నుదుటికి ఆనించి, మొదటి కవర్లోది చెబుతాడు. రెండోది చించి, మూడోది పట్టుకుని రెండోదాని సంగతి చెబుతాడు. హాలంతా చూస్తున్నది చేతిలో ఉన్న కవరును, అతను చెబుతున్నది చించేసిన కవరును. అంతే తేడా!

ఇక జంటగా చేసే ప్రదర్శనలు. బజారు గారడీలో దుప్పటి కప్పుకుని పడుకున్న కుర్రాడు, జనంలో ఎవరి చేతిలో ఏముందో చెప్పడం చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. పారిస్‌లో రాబర్ట్ హూడిన్ అనే ఐంద్రజాలికుడు 1840ల్లో తన కొడుకుతో ఇదే అంశం చేసి సంచలనం సృష్టించాడు. ఇలాంటి ప్రదర్శనల్లో కిటుకు తరచూ ప్రశ్నలోనే ఉంటుంది. 'చెప్పు' అంటే ఒకటి, 'చూసి చెప్పు' అంటే రెండు, 'త్వరగా' అంటే మూడు... ఇలా ఒక రహస్య భాష ముందే కట్టుకుంటారు. వినేవాళ్లకు అది మామూలు మాట, కుర్రాడికి అది జవాబు. అలాంటి సంకేతాలు వందల కొద్దీ తడుముకోకుండా గుర్తుండాలంటే ఏళ్ల సాధన కావాలి. 1949లో సిడ్నీ, లెస్లీ పిడింగ్టన్ అనే ఆస్ట్రేలియా దంపతులు బీబీసీ రేడియోలో ఇలాంటి కార్యక్రమం చేస్తే బ్రిటన్ అంతా చెవులప్పగించి విన్నది. భార్యను లండన్ టవర్‌లో కూర్చోబెట్టి, భర్త స్టూడియోలో ఉండి చేసిన ప్రదర్శన కూడా అందులో ఉంది. తమకు మహిమలున్నాయని వాళ్లు అనలేదు. నిర్ణయం శ్రోతలకే వదిలేశారు.

చిన్న కిటుకు ఒకటి ఇంట్లోనే చేసి చూడొచ్చు. 'పదికీ యాభైకీ మధ్య ఒక సంఖ్య తలచుకోండి. రెండు అంకెలూ బేసివై ఉండాలి, వేర్వేరుగా ఉండాలి' అనండి. నలభై సంఖ్యల్లోంచి ఎంచుకుంటున్నాననుకుంటాడు ఎదుటివాడు. నిజానికి మిగిలేవి ఎనిమిదే... 13, 15, 17, 19, 31, 35, 37, 39. అందులోనూ చాలామంది మనసు 37 వైపు మొగ్గుతుంది. తప్పితే? మెంటలిస్టు నవ్వేసి, 'ముందు 37 అనుకుని మార్చుకున్నారు కదూ!' అంటాడు. కొందరు అవునని కూడా అంటారు.

అన్నట్టు, అనుభవమున్న మెంటలిస్టు అన్నీ సరిగ్గా చెప్పడు. ఒక అక్షరం తప్పుతాడు, తడబడతాడు, చెమట తుడుచుకుంటాడు. అన్నీ ఒప్పే అయితే 'ఏదో కిటుకుంది' అనిపిస్తుంది. కాస్త కష్టపడితే 'పాపం, నిజంగానే చదువుతున్నాడు' అనిపిస్తుంది!

చెయ్యి చెప్పే రహస్యం

సన్న దారానికి ఉంగరం కట్టండి. కాగితం మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీయండి. మోచెయ్యి బల్ల మీద ఆనించి, ఉంగరం గీతలు కలిసే చోట వేలాడేలా దారం పట్టుకోండి. చెయ్యి కదపకుండా 'నిలువు గీత మీద ఊగాలి' అని మాత్రం అనుకోండి. కాసేపటికి చాలామంది చేతుల్లో ఉంగరం ఊగడం మొదలుపెడుతుంది. 'అడ్డంగా' అనుకుంటే దారి మారుతుంది. దెయ్యమూ లేదు, మహిమా లేదు. ఆలోచన కండరాల్లోకి దిగి, మనకే తెలియనంత సన్నగా వేళ్లను కదుపుతుంది. 1852లోనే విలియం కార్పెంటర్ అనే శాస్త్రవేత్త దీన్ని వివరించాడు.

హాల్లో దాచిన వస్తువును, దాచినవాడి మణికట్టు పట్టుకుని వెతికి తీసే ప్రదర్శన ఈ సూత్రం మీదే నడుస్తుంది. సరైన వైపు అడుగు వేస్తే ఆ చెయ్యి వదులవుతుంది, తప్పు దారి పడితే బిగుస్తుంది. చెయ్యి పట్టుకున్నవాడికి అదే దిక్సూచి.

మనిషి దాకా ఎందుకు, గుర్రమే ఈ విద్య నేర్చుకుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం కూడికలు, తీసివేతలు చేసి, జవాబును గిట్టతో కొట్టి చూపించేది. యజమాని మోసగాడేమీ కాదు. గుర్రానికి నిజంగా లెక్కలొచ్చనే నమ్మాడు. 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు తేల్చిందేమిటంటే, అడిగేవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు! సరైన లెక్క దగ్గరికి రాగానే అడిగినవాడి తల వెంట్రుకవాసి కదిలేది. హాన్స్ ఆ కదలిక చూసి ఆగిపోయేది. లెక్క చేసింది మనిషే, చదివింది గుర్రం.

ఇంటికెళ్లేసరికి ఇంతవుతుంది

ప్రదర్శనలో సగం హాల్లో జరుగుతుంది, మిగతా సగం ప్రేక్షకుడి జ్ఞాపకంలో. 1880ల్లో ఇంగ్లండ్‌లో ఎస్.జె.డేవీ అనే యువకుడు ఆత్మలను రప్పిస్తున్నట్టు నటించి, వచ్చినవాళ్ల చేత చూసింది చూసినట్టు రాయించాడు. చదువుకున్నవాళ్లే... ముఖ్యమైన సంగతులు వదిలేశారు, జరగనివి కలిపి రాశారు. డేవీ చేసినవన్నీ చేతివాటాలే.

మనమూ అంతే. మెంటలిస్టు మూడు పేర్లు అడిగి నాలుగోది సరిగ్గా చెబితే, మర్నాడు ఆఫీసులో 'మా ఆవిడ పేరు టక్కున చెప్పేశాడండీ' అంటాం. కాగితం మీద రాయించుకున్న సంగతి మరచిపోతాం. 'చెయ్యి కూడా తాకలేదు' అని కలుపుతాం. అబద్ధం ఆడాలని కాదు. జ్ఞాపకానికి కథ ముఖ్యం, తప్పిన గురి ఆ కథలో ఇమడదు. మెంటలిస్టుకు ఇది బాగా తెలుసు. అందుకే చివర్లో, జరిగినదంతా తనకు కావలసినట్టు ఒకసారి నెమరు వేయిస్తాడు.

వాల్తేరులో వేసిన ప్రశ్న

అయితే ఇదంతా కనికట్టేనా? మనసుకూ మనసుకూ మధ్య నిజంగా దారేమీ లేదా? ఈ ప్రశ్నను ప్రపంచంలో అతి కొద్ది విశ్వవిద్యాలయాలే గంభీరంగా తీసుకున్నాయి. అందులో ఒకటి వన్ టౌన్‌కు నాలుగైదు కిలోమీటర్ల దూరంలోనే ఉంది.

వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లో సైకాలజీ, పారాసైకాలజీ విభాగం ఏర్పడింది. దాని వెనక ఉన్నవారు ఆచార్య కోనేరు రామకృష్ణారావు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన జె.బి.రైన్ దగ్గర పనిచేసి వచ్చారు. అతీంద్రియ శక్తి అనే మాటను కథల్లోంచి ప్రయోగశాలలోకి తెచ్చింది రైన్. ఆయన పద్ధతి తేలికైనది. వలయం, కూడిక గుర్తు, అలలు, చతురస్రం, నక్షత్రం... ఈ అయిదు బొమ్మలూ అయిదేసి చొప్పున 25 కార్డులు. కనిపించకుండా ఉంచిన కార్డు ఏదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా సగటున అయిదు తగులుతాయి. పదే పదే అంతకంటే ఎక్కువ తగిలితే ఆలోచించాలి.

వినడానికి ఎంతో పకడ్బందీగా ఉంది. కానీ మెంటలిస్టు కళ్లతో చూడండి. తొలినాళ్ల కార్డుల్లో కొన్నింటి వెనక నుంచి అచ్చు ఛాయ కనిపించేదని విమర్శకులు పట్టుకున్నారు. కార్డు చూస్తున్న మనిషి మొహం ఎదురుగా ఉంటే? హాన్స్ గుర్రం గుర్తుంది కదా! 1974లో రైన్ సంస్థ డైరెక్టరే యంత్రంతో లెక్కలు తారుమారు చేస్తూ సహోద్యోగులకు దొరికిపోయాడు. ఆ మోసాన్ని రైన్ దాచలేదు, తనే ప్రకటించాడు. కొన్నేళ్లకు ఆ సంస్థ పరిశోధన బాధ్యతలు చేపట్టింది రామకృష్ణారావే. ఆ తర్వాత విశాఖ తిరిగొచ్చి 1980ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేశారు. 2011లో పద్మశ్రీ అందుకున్నారు. 2021లో కన్నుమూశారు.

పరిశోధకుల చదువు ఎంత గొప్పదైనా గారడీవాడి ముందు సరిపోదని చెప్పే ఉదంతం ఒకటుంది. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 1979లో ఇలాంటి పరిశోధనకే ఒక కేంద్రం పెట్టారు. ఐంద్రజాలికుడు జేమ్స్ రాండీ ఇద్దరు కుర్రాళ్లను అతీంద్రియ శక్తులున్నవాళ్లలా అక్కడికి పంపాడు. ఏయే జాగ్రత్తలు తీసుకోవాలో ముందుగా ఉత్తరం కూడా రాశాడు. 'మోసం చేస్తున్నారా' అని సూటిగా అడిగితే నిజం చెప్పేయాలన్నది కుర్రాళ్లతో ఒప్పందం. మూడేళ్లకు పైగా ఎవరూ అడగలేదు! 1983లో రాండీయే గుట్టు విప్పాడు. ఆ కుర్రాళ్లలో ఒకరు తర్వాతి కాలంలో 'బనాచెక్' పేరుతో పెద్ద మెంటలిస్టయ్యాడు.

రామకృష్ణారావు తన నమ్మకాన్ని చీకటి గదిలో దాచుకోలేదు. 1987లో ఒక ప్రసిద్ధ శాస్త్ర పత్రికలో జాన్ పామర్‌తో కలిసి తన వాదన ప్రచురించారు. అదే సంచికలో జేమ్స్ ఆల్కాక్ అనే విమర్శకుడి ఖండనా పక్కపక్కనే వచ్చింది. ఎవరు చేసినా, ఎక్కడ చేసినా ఒకే ఫలితం రావాలన్న పరీక్షకు ఈ శక్తులు నిలవలేదన్నది శాస్త్రవేత్తల్లో అత్యధికుల అభిప్రాయం. కానీ 'పరీక్షించండి, తప్పుంటే చూపించండి' అనడం మాత్రం శాస్త్రం పద్ధతే.

వేదిక దిగితే...

ఒకే కిటుకు ముగ్గురి చేతుల్లో ఉంటుంది. వేదిక మీది కళాకారుడు టిక్కెట్టు తీసుకుని, రెండు గంటలు ఆశ్చర్యపరిచి, ఇంటికి పంపుతాడు. పరిశోధకుడు దాన్ని పట్టుకోవాలని చూస్తాడు. మూడోవాడు మాత్రం అదే కిటుకుతో మీ ఇంట్లో కూర్చుంటాడు. మీ దిగులు చెబుతాడు, మీరు నోరు తెరవగానే దానికి ధర కడతాడు.

పట్టాభిరామ్ గొప్పతనం ఇక్కడే ఉంది. ఇంద్రజాలంతో, హిప్నాటిజంతో పేరు తెచ్చుకున్నా, తనకు మహిమలున్నాయని ఎన్నడూ చెప్పుకోలేదు. మనసు ఎలా పనిచేస్తుందో చెప్పే పుస్తకాలు రాస్తూ, కౌన్సెలింగ్ చేస్తూ గడిపి 2025లో కన్నుమూశారు. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊరూరా 'మహిమలు' చేసి చూపించి, వెంటనే గుట్టు విప్పిందీ ఇందుకే.

చట్టమూ ఉంది. తాయెత్తులు, మంత్రాలు, కవచాలతో జబ్బులు నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి మందులు, మంత్ర చికిత్సల చట్టం నిషేధిస్తోంది. కానీ అది ప్రకటనల మీద చట్టం. నట్టింట్లో చెవిలో చెప్పే మాట దానికి అందదు. అక్కడ కాపలా ఇంట్లోవాళ్లే కాయాలి.

ఇదంతా భక్తి మీద మాట కాదు. వన్ టౌన్ బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారికి భక్తులే స్వయంగా పూజ చేసుకుంటారు. మార్గశిర గురువారం బారులు తీరినవాళ్లలో ఎవరి మొక్కు వాళ్లకే తెలుసు, మధ్యలో మరొకరికి చెప్పక్కర్లేదు. ఆ మొక్కు ఏమిటో తనే కనిపెట్టి, తీరాలంటే ఇంత ఖర్చవుతుందనేవాడు ఎదురైతే మాత్రం అది భక్తి కాదు, బేరం.

అలాంటివాడు వచ్చినప్పుడు చూసుకోవలసినవి మూడే. ఒకటి, అతను చెప్పిన మాట పక్కింటివాళ్లకూ సరిపోతుందా? రెండు, వివరాలు అతను చెప్పాడా, మనం అందించామా? వీలైతే వెంటనే ఒక కాగితం మీద రాసుకోండి, జ్ఞాపకాన్ని నమ్మొద్దు. మూడు, మనసు చదివాక డబ్బు అడిగాడా, భయం పెట్టాడా? ఈ మూడో దానికి జవాబు 'అవును' అయితే మొదటి రెండూ చూడనే అక్కర్లేదు.

ఇంకొక్క మాట. ఇలాంటివాళ్ల దగ్గరికి మనవాళ్లు వెళ్లేది తెలివి లేక కాదు. 'నీ లోపల ఒక బాధ ఉంది' అన్న మాట ఇంట్లో ఎవరూ అనకపోవడం వల్ల. అమ్మనో, అత్తగారినో, ఉద్యోగం రాని కొడుకునో పక్కన కూర్చోబెట్టుకుని 'ఏమిటి దిగులుగా ఉన్నావు?' అని అడగడానికి ఏ మంత్రమూ అక్కర్లేదు. అడిగి, చెప్పేదాకా ఓపిగ్గా వింటే చాలు. మెంటలిస్టు చేసేదీ అదే కదా!